ఎలిగేటర్ వేటకు ఏ నీళ్లు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఉంటున్న పాఠకులు ఎలిగేటర్ (మొసలికి దగ్గరి చుట్టం) వేట గురించి రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం "ఎక్కడికి వెళ్లాలి" అన్నవే. కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. తేదీలు, ఫీజులు ఏటా అటూఇటూ అవుతుంటాయి. డబ్బు కట్టే ముందు ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఆ ఏటికి వేసిన నిబంధనల పుస్తకం తిరగేయండి.

ప్రశ్న: మేం జార్జియాలో ఉంటాం. ఫ్లోరిడా, అలబామా, సౌత్ కరోలినా అన్నీ కారులో వెళ్లిరాగల దూరమే. మొదటిసారి వెళ్లడానికి ఏ రాష్ట్రం మేలు?

దూరం సంగతి చివర చూద్దాం. ముందు తేలాల్సింది ట్యాగ్, అంటే పట్టిన ఎలిగేటర్‌కు బిగించే అనుమతి బిళ్ల, మీ చేతికి వస్తుందా రాదా అన్నది. ఈ రాష్ట్రాల్లో ట్యాగ్ లేకుండా ఎలిగేటర్‌ను ముట్టుకుంటే వేట కాదు, కేసు.

అలబామాను జాబితాలోంచి కొట్టేయండి. అక్కడ డ్రా (ట్యాగ్‌ల కోసం తీసే లాటరీ) ఆ రాష్ట్ర నివాసులకే. అర్కాన్సా కూడా అంతే. మీ జార్జియాలో 2003 నుంచి వేట నడుస్తోంది. ఆగస్టు మధ్యలో మొదలై అక్టోబరు మొదటి వారం దాకా ఉంటుంది. మనిషికి ఒక్కటే, అదీ కనీసం 4 అడుగులుండాలి. ఇబ్బందల్లా పాయింట్లతోనే. డ్రాలో పేరు రాని ప్రతి ఏడాదికీ ఒక పాయింట్ కలుస్తుంది, ఎక్కువ పాయింట్లున్నవారికి ముందు వస్తుంది. పేరున్న జోన్లకు కొన్నేళ్లు ఆగాల్సిందే. కాబట్టి ఈ ఏడు వెళ్లే ఉద్దేశం లేకపోయినా దరఖాస్తు వేసి పాయింట్ కూడబెట్టుకోండి. సౌత్ కరోలినాలోనూ పాయింట్ల పద్ధతే. అక్కడ సెప్టెంబరు రెండో శనివారం మధ్యాహ్నం నుంచి అక్టోబరు రెండో శనివారం మధ్యాహ్నం దాకా సీజన్. నాలుగు యూనిట్లు, అంటే వేట ప్రాంతాలు ఉన్నాయి, మనిషికి ఒకటే ట్యాగ్. బయటి రాష్ట్రాల వాళ్లూ వేసుకోవచ్చు.

ఈ ఏడే వెళ్లాలంటే మిగిలేది ఫ్లోరిడా. ఏటా 7,000కు పైగా పర్మిట్లు ఇస్తారు, ఒక్కో పర్మిట్‌కు రెండు ట్యాగ్‌లు. ఖరీదు మాత్రం గట్టిగానే తగులుతుంది: ఇటీవలి ఏళ్లలో మొదటి పర్మిట్ ఫ్లోరిడా నివాసికి 272 డాలర్లు, బయటివారికి 1,022. రెండో పర్మిట్ దొరికితే అది 62 డాలర్లే. పర్మిట్ తీసుకునేవారికి 18 ఏళ్లు నిండాలి.

అంత డబ్బు ఒకేసారి పెట్టే ముందు ఇంకో దారి ఉంది, మొదటిసారి వెళ్లేవారికి మేం ముందుగా చెప్పేది అదే. ఫ్లోరిడా పర్మిట్ ఉన్న స్నేహితుడి పడవలో ఏజెంట్‌గా, అంటే అతని వేటలో సాయపడేవారిగా వెళ్లండి. ఏజెంట్ లైసెన్స్ 52 డాలర్లు. పర్మిట్ ఉన్న మనిషి అక్కడే ఉండాలన్నది షరతు. హార్పూన్ (తాడు కట్టిన ఈటె) తాడు చేతిలో జారడం, చీకట్లో పడవ తిప్పడం ఇతరుల ట్యాగ్ మీద నేర్చుకోవచ్చు.

ప్రశ్న: ఫ్లోరిడా దరఖాస్తులో చెరువుల పేర్లు, కౌంటీల పేర్లు, వారాలు చాంతాడంత ఉన్నాయి. దేన్ని బట్టి ఎంచుకోవాలి?

రెండు రకాల చోట్లు ఉంటాయి. ఒకటి పేరు పెట్టిన యూనిట్లు: లేక్ జార్జ్, లేక్ జెసప్, ఆరెంజ్ లేక్, కిసిమ్మీ, ఇస్టోక్‌పోగా, ఓకీచోబీలోని భాగాలు వగైరా. వీటిలో ఎలిగేటర్ల లెక్క తీసి, దాన్ని బట్టి ఎన్ని పర్మిట్లివ్వాలో నిర్ణయిస్తారు. రెండోది కౌంటీ పర్మిట్. ఆ కౌంటీలో మీరు చట్టబద్ధంగా దిగగలిగిన నీళ్లన్నీ అందులోకి వస్తాయి, కానీ పేరు పెట్టిన యూనిట్లు రావు. వన్యప్రాణి శరణాలయాలు, పార్కులు, ఆదివాసీ తెగల భూములు కూడా మినహాయింపే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. కౌంటీ పర్మిట్ తీసుకుని, ఆ కౌంటీలో అందరికీ తెలిసిన పెద్ద చెరువు తమదే అనుకుంటారు. తీరా అది వేరే యూనిట్. స్థానికంగా చిన్న కాలువలు, నదీపాయలు తెలిసినవారికే కౌంటీ పర్మిట్ లాభం. కొత్తవారు పేరున్న యూనిట్ పెట్టుకోవడం మంచిది.

ఇక ఏ యూనిట్? రాష్ట్ర శాఖ ప్రతి యూనిట్‌లో గత ఏళ్లలో పట్టినవాటి సంఖ్య, పొడవులు ప్రకటిస్తుంది. మూడేళ్ల లెక్కలు ముందు పెట్టుకోండి. ఇచ్చిన ట్యాగ్‌లలో ఎన్ని వాడారో చూడండి. సగం కూడా వాడని చోట ఎలిగేటర్లు లేవని కాదు, చేరడం కష్టమని అర్థం. తర్వాత 9 అడుగులు దాటినవి ఎన్ని అన్నది లెక్కేయండి. సగటు పొడవు ఒక్కటే చూస్తే మోసపోతారు. నాలుగు పెద్దవీ నలభై చిన్నవీ ఉన్న చెరువు, అన్నీ మధ్యరకంవి ఉన్న చెరువు కాగితం మీద ఒకేలా కనబడతాయి.

మూడోది మీ పడవ. ఇది చాలామంది దరఖాస్తు వేశాక ఆలోచిస్తారు. ఓకీచోబీ దాదాపు 730 చదరపు మైళ్ల నీరు, సగటు లోతు 9 అడుగులే. గాలి లేస్తే పొట్టి అలలు వరుసగా వచ్చి 14 అడుగుల చదును పడవను నింపేస్తాయి. ఒడ్డున తుంగ, గడ్డి మైళ్లకొద్దీ ఉంటుంది. వెనక పెద్ద ఫ్యానుతో నడిచే ఎయిర్‌బోట్ గానీ, బురదలో తిరిగే మడ్ మోటార్ గానీ ఉన్నవారికి ఆ గడ్డే బంగారం. పడవ వెనక తగిలించే మామూలు అవుట్‌బోర్డ్ మోటార్ ఉన్నవారికి ప్రొపెల్లర్ చుట్టూ చుట్టుకునే తలనొప్పి. అలాంటివారు సెయింట్ జాన్స్ నది మీది చెరువులనో, తెరిపి నీరు ఎక్కువున్న యూనిట్‌నో ఎంచుకోవాలి.

ఎవర్‌గ్లేడ్స్ వైపు సంఖ్య బాగానే ఉంటుంది, కానీ అక్కడి నీటిలో పోషకాలు తక్కువ. ఎలిగేటర్లు నెమ్మదిగా పెరుగుతాయి, అదే పొడవుకు సన్నగా ఉంటాయి. పైగా అక్కడి చేపల్లోనూ ఎలిగేటర్లలోనూ పాదరసం ఎక్కువని చాలా కాలంగా తెలుసు. మాంసం కోసం వెళ్లేవారు, ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు ఉన్నవారు మధ్య ఫ్లోరిడా చెరువుల వైపు చూడండి.

వారాల విషయం: మొదటి నాలుగు విడతలు ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 12 దాకా వారానికొకటి. వాటిలో ట్యాగ్ మిగిలితే తర్వాత నవంబరు 1 దాకా వాడుకోవచ్చు. మొదటి విడతలో ఎలిగేటర్లు ఇంకా లైటుకు బెదరవు. రెండు వారాల వేట తర్వాత టార్చి పడగానే మునిగిపోవడం నేర్చేసుకుంటాయి. పోటీ ఎక్కువైనా మొదటి రెండు విడతలే అడగండి. ఉరుములు, వానలు ఉంటాయి, అది వేరే సంగతి. అక్టోబరు చివరికి చల్లగాలి తిరిగితే పరిస్థితి ఇంకా మారుతుంది: 70 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వస్తే ఎలిగేటర్ తిండి తగ్గించేస్తుంది, 55 కిందికి పోతే కదలడమే మానేస్తుంది.

ప్రశ్న: నాకు 13 అడుగులకు తక్కువది వద్దు. అతి పెద్దవి ఎక్కడ దొరుకుతాయి?

రికార్డులు చూసి చోటు ఎంచుకోవడమంటే లాటరీ తగిలిన కొట్టు వెతుక్కుంటూ వెళ్లి టికెట్ కొన్నట్టే. అయినా అడిగారు కాబట్టి: 2014లో అలబామా నది ఉపనది మిల్ క్రీక్‌లో 15 అడుగుల 9 అంగుళాలు, 1,011.5 పౌండ్లది దొరికింది. ఫ్లోరిడాలో పొడవుకు రికార్డు బ్రెవార్డ్ కౌంటీ లేక్ వాషింగ్టన్‌లో దొరికిన 14 అడుగుల మూడున్నర అంగుళాలది. బరువుకు రికార్డు ఆరెంజ్ లేక్‌లోని 1,043 పౌండ్లది. మిసిసిపీలో 2023 ఆగస్టులో యాజూ నదిలో 14 అడుగుల 3 అంగుళాలది పట్టారు, తూకం 802.5 పౌండ్లు. వీటిలో నదులూ ఉన్నాయి, చెరువులూ ఉన్నాయి. కలిసేది ఒక్కటే: ముసలి మగది ఏళ్లతరబడి ఎవరూ కదిలించకుండా బతికిన నీళ్లు.

ఆడది 10 అడుగులు దాటడం అరుదు. అంటే 10 దాటిన ప్రతిదీ దాదాపు మగదే. వేటగాళ్లు పొడవు అంచనా వేసే కొలత ఇది: కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య ఎన్ని అంగుళాలుంటే ఒళ్లు సుమారు అన్ని అడుగులు. 13 అంగుళాలు చీకట్లో, కదిలే పడవ మీంచి కొలవడం అనుకున్నంత తేలిక కాదు. కొత్తవారు 9 అడుగులదాన్ని 12 అనుకుని హార్పూన్ వేసేయడం మామూలే. తల పక్కకు తిరిగేదాకా ఆగాలి.

మిసిసిపీలో ఒక నిబంధన గుర్తుంచుకోండి. రెండు పట్టొచ్చు, రెండూ 4 అడుగులకు తగ్గకూడదు, 7 అడుగులు దాటింది మాత్రం ఒక్కటే ఉండాలి. పెద్దది ముందే పడితే రెండోదానికి చిన్నదే వెతకాలి.

ప్రశ్న: టీవీలో చూసినట్టు ఎర కట్టి, పొద్దున్నే వెళ్లి లాగే పద్ధతి ఫ్లోరిడాలో కుదురుతుందా?

కుదరదు. ఫ్లోరిడాలో ఎర గుచ్చిన గాలం నిషేధం. హార్పూన్, బరువైన స్నాచ్ హుక్ (ఎర లేకుండా విసిరి ఒంటికి తగిలించే గాలం), విల్లు, చేతి ఉచ్చు వంటివాటితో ముందు తాడు తగిలించాలి. తాడు తగిలాకే బ్యాంగ్‌స్టిక్ (తాకించగానే కొసన తూటా పేలే కర్ర) వాడాలి. తుపాకీతో కాల్చకూడదు.

మీరు చూసింది లూసియానా పద్ధతి. అక్కడ కోడి కాళ్లో, గొడ్డు మాంసం ముక్కో పెద్ద గాలానికి గుచ్చి, నైలాన్ తాడుతో గెడకర్రకు కట్టి నీటికి అడుగు, అడుగున్నర పైన వేలాడదీస్తారు. ఎర ఎంత ఎత్తుంటే అంత పెద్దది అందుకుంటుంది. మరీ కిందికి కడితే 4 అడుగుల పిల్లలు తినేస్తాయి, తాబేళ్లూ గార్ చేపలూ ఉండనే ఉన్నాయి. వేట పగలే. వేసిన గాలాలు రోజూ చూడాలి.

దీంతో చోటు ఎంపిక కూడా తలకిందులవుతుంది. లూసియానాలో ట్యాగ్‌లు చాలావరకు భూమికి ఇస్తారు, ఆ తడి నేలలో ఎలిగేటర్లకు అనువైన భాగం ఎంతుందో లెక్కగట్టి. ప్రభుత్వ నేలల మీది లాటరీ ఆ రాష్ట్రం వారికే. కాబట్టి బయటినుంచి వచ్చేవారు చెరువును కాక గైడ్‌ను ఎంచుకోవాలి. తూర్పు జోన్ ఆగస్టు చివరి బుధవారం, పడమటి జోన్ సెప్టెంబరు మొదటి బుధవారం మొదలవుతుంది. మొదటి రెండు వారాల్లోనే ట్యాగ్‌లు చాలామటుకు అయిపోతాయి, అందుకని గైడ్‌తో వేసవి మొదట్లోనే మాట్లాడుకోవాలి.

గైడ్‌ను అడగాల్సినవి: ట్యాగ్ ఎవరి పేర ఉంది? ధర అడుగుకు ఇంతనా, మొత్తానికా? గాయపడి తప్పించుకుంటే పట్టినట్టే లెక్కా? తోలు, మాంసం ఎవరివి? ఇవి కాగితం మీద రాసివ్వనివాడి దగ్గరికి వెళ్లకండి. తగాదాలన్నీ మూడో ప్రశ్న దగ్గరే వస్తాయి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. టెక్సస్‌లోనే అవకాశం ఉందా?

ఉంది, రెండు విధాలుగా. ఆగ్నేయ తీరం వైపు 22 కౌంటీలను కోర్ అంటారు, జెఫర్సన్, చేంబర్స్, బ్రజోరియా లాంటివి. అక్కడ సీజన్ సెప్టెంబరు 10 నుంచి 30 దాకా. ట్యాగ్ భూమికి ఇస్తారు కాబట్టి భూయజమానితో ఒప్పందం కావాలి. లేదంటే పోర్ట్ ఆర్థర్ దగ్గరి జె.డి. మర్ఫ్రీ వంటి ప్రభుత్వ వేట ప్రాంతాల డ్రాలో పేరు రావాలి.

మిగతా కౌంటీల్లో సీజన్ ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 వరకు. ప్రైవేటు భూమిలోనే, మనిషికి ఏడాదికి ఒకటి. ఇక్కడ ట్యాగ్ తర్వాతే: పట్టాక 72 గంటల్లోగా ఫారం నింపి, ఫీజు కట్టి ట్యాగ్ తెప్పించుకోవాలి. డల్లాస్ వారికి దగ్గరయ్యేవి ఇవే. వసంతం జత కట్టే కాలం కావడంతో మగవి పగలు కూడా తిరుగుతాయి, అరుస్తాయి. ఏ కుంటలో ఉందో తెలుసుకోవడం సెప్టెంబరులో కంటే తేలిక. తూర్పు టెక్సస్‌లో పొలాల మధ్య చెరువున్న రైతును శీతాకాలంలోనే వెళ్లి అడగండి. మార్చిలో అడిగేవారు చాలామంది.

ప్రశ్న: నేను హెచ్-1బి మీద ఉన్నాను. బ్యాంగ్‌స్టిక్, తుపాకీ పట్టుకోవచ్చా?

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీదున్నవారు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోకూడదు. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఒకటి, అమెరికాలోని ఏదో రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం. బ్యాంగ్‌స్టిక్‌లో పేలేది తూటాయే కాబట్టి దాన్నీ ఇదే లెక్కలో చూసుకోండి. లైసెన్స్ గడువు వేట మధ్యలో తీరిపోకుండా తేదీ చూడండి, కాపీ పడవలో ఉంచండి. వీసాతో ముడిపడిన సంగతి గనుక, ఒకసారి ఇమ్మిగ్రేషన్ వకీలుతో మాట్లాడాకే ముట్టుకోవడం మంచిది. అప్పటిదాకా తాడు, హార్పూన్ మీరు చూసుకుని చివరి పని పర్మిట్ ఉన్న పౌరుడికి వదిలేయండి.

ప్రశ్న: ఓర్లాండో దగ్గర మా ఇంటి వెనక కుంటలో 6 అడుగులది తిరుగుతోంది. కౌంటీ పర్మిట్‌తో దాన్నే పట్టేస్తే?

వద్దు. కాలనీ కుంట సాధారణంగా అసోసియేషన్ ఆస్తి, అందరూ దిగే నీరు కాదు. 4 అడుగులు దాటి, మనుషులకో పెంపుడు జంతువులకో ప్రమాదం అనిపిస్తే రాష్ట్రం నడిపే న్యూసెన్స్ ఎలిగేటర్ హాట్‌లైన్ 866-392-4286కు చెప్పండి. ఎలిగేటర్లను పట్టే లైసెన్స్ ఉన్న ట్రాపర్‌ను వాళ్లే పంపుతారు. ఈలోగా ఎవరూ దానికి తిండి వేయకుండా చూడండి. అది నేరం, పైగా మనిషి భయం పోగొట్టేది అదే.

ప్రశ్న: డ్రాలో చెరువు వచ్చింది. సీజన్‌కు ముందు వెళ్లి ఏం చూడాలి?

పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లండి. పగలు చూడాల్సింది పడవ దింపే ర్యాంప్: రాత్రి తెరిచి ఉంటుందా, నీరు తగ్గితే ట్రైలర్ దిగుతుందా, 300 పౌండ్ల బరువుతో తిరిగొచ్చినప్పుడు పడవ ఎక్కించగలరా. నీటిమట్టం బాగా పెరిగిన ఏడు ఎలిగేటర్లు మునిగిన గడ్డిలోకి చెదిరిపోతాయి. తగ్గిన ఏడు కాలువల్లోకీ లోతు గుంటల్లోకీ చేరతాయి, కానీ అదే ఏడు ర్యాంప్‌లు ఎండుతాయి.

రాత్రి టార్చి కంటి ఎత్తులో పట్టుకుంటే కళ్లు ఎర్రగా మెరుస్తాయి. మైలుకు ఎన్ని జతలో లెక్కపెట్టండి. రెండు కళ్ల మధ్య ఎడం ఎక్కువున్నవాటిని మ్యాప్‌లో గుర్తు పెట్టండి. ఒక్కో దాని మీద వెలుగు క్షణం కంటే ఎక్కువ నిలపొద్దు, వెంబడించొద్దు. ముందే బెదిరితే వేటరోజు మీకే నష్టం. ఆగస్టు చివర ఒడ్డున పిల్లల కీచుమనే అరుపులు వినిపిస్తే పక్కన ఉండేది తల్లి, చాలావరకు 9 అడుగుల లోపుది. దాన్ని వదిలేసి ముందుకు పొండి.

నీటి స్వభావాన్ని బట్టి పనిముట్టు తీసుకెళ్లాలి. తెరిపి నీటిలో 7 అడుగుల గట్టి కడ్డీ, 80 నుంచి 150 పౌండ్ల అల్లిక దారం, బరువైన మూడు కొక్కేల గాలం బాగా పనిచేస్తాయి. గడ్డిలో అదే గాలం ప్రతి విసురుకూ నాచు మోసుకొస్తుంది. అక్కడ హార్పూన్, 25–30 అడుగుల తాడు, చివర బెండు కావాలి. ఎలిగేటర్ మునిగాక బురదలోంచి వచ్చే బుడగల వరుస చూస్తూ వెళ్లాలి. లోతు 15 అడుగులు దాటితే ఆ బుడగలు నమ్మకం కాదు. నదుల్లో మునిగిన మానులుంటే తాడు వాటికి చుట్టుకుంటుంది. వంపు లోపలివైపు ఇసుక మేటలున్న చోటు ఎంచుకుంటే సగం తాళ్లు మిగులుతాయి.

దక్షిణ ఫ్లోరిడాలో ఉప్పునీటి అంచున వేటాడేవారికి ఒక హెచ్చరిక. మయామీ-డేడ్, మన్రో, కోలియర్ కౌంటీల్లో అమెరికన్ మొసలి కూడా ఉంటుంది, దానికి చట్టరక్షణ ఉంది. బూడిద రంగు, సన్నటి మూతి, నోరు మూసినా కింది దవడ నాలుగో పన్ను బయటికి కనిపించడం దాని గుర్తులు. అనుమానం వస్తే హార్పూన్ దించేయండి.

ప్రశ్న: చెరువు నుంచి ఇల్లు ఏడు గంటల ప్రయాణం. మాంసం, తోలు పాడవకుండా ఎలా?

చోటు ఖాయం చేసుకునేటప్పుడే గంట, గంటన్నర దూరంలో ప్రాసెసర్ (తోలు ఒలిచి, మాంసం కోసిచ్చేవాడు) ఉన్నాడో లేదో చూడండి. ఎన్నింటిదాకా తీసుకుంటారో ఫోన్‌లో అడగండి, కొందరు రాత్రి తెరవరు. పట్టిన వెంటనే మూతికి ఎలక్ట్రికల్ టేప్ నాలుగైదు చుట్లు వేయాలి. కదలిక లేదని పడవలోకి లాగాక మళ్లీ లేచిన సందర్భాలు తక్కువేమీ కాదు. పుర్రె వెనక వెన్నుపామును కోసి, సన్నటి కడ్డీతో లోపల చెడగొట్టాకే పడవలోకి ఎక్కించాలి. సైటీస్ ట్యాగ్‌ను (వన్యప్రాణి వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం పేరిట ఇచ్చే ఆ ట్యాగే) ఫ్లోరిడాలో తోక కొసనుంచి 6 అంగుళాల లోపు వెంటనే బిగించాలి, 24 గంటల్లో రిపోర్టు పెట్టాలి.

ఎండలో తోలు ఆరితే పొట్ట వైపు పొలుసు ఊడుతుంది. తడి గోనె కప్పి, దాని మీద ఐస్ వేయండి. 8 అడుగులది దాదాపు 130 పౌండ్లు, 10 అడుగులది 250 పైన ఉంటుంది. కనీసం సగం బరువంత ఐస్ కారులో సిద్ధంగా ఉంచుకోండి. పొట్ట కుహరంలోకీ కొంత దూర్చాలి, పాడవడం లోపలినుంచే మొదలవుతుంది. కొవ్వుకు నీచు వాసన ఎక్కువ. మాంసం కోసేటప్పుడు తెల్ల కొవ్వంతా తీసేయమని ప్రాసెసర్‌కు చెప్పండి, తోక మాంసంతో పాటు దవడ మాంసం కూడా అడగండి. తోలును గానీ తలను గానీ దేశం దాటించాలనుకుంటే ఫెడరల్ వన్యప్రాణి శాఖ ఎగుమతి కాగితాలు కావాలి. తోలును టానింగ్‌కు (శుద్ధి చేయడానికి) ఇచ్చేటప్పుడే ఆ ట్యాగ్ నంబరు రసీదు మీద రాయించుకోండి.